నా సాక్ష్యంలో చెప్పని పొట్లాలు

ఈ పత్రిక చదివే సహోదరీ సహోదరులందరికీ, పడ్డచోటి నుంచి నన్ను చెయ్యి పట్టి లేపిన ప్రభువు పేరిట దిల్‌సుఖ్‌నగర్ స్వరూప వందనాలు. మీలో చాలామంది నన్ను ఎరుగుదురు. ఒంటినిండా పొట్టు రాలే జబ్బుతో ఉన్న ఒకామెను దేవుడు మూడు వారాల్లో బాగుచేశాడని ఇదే పత్రికలో ఒక సాక్ష్యం అచ్చయింది కదా, అది నాదే. చదివి ఏడ్చామని చెప్పినవాళ్ళున్నారు, ఫోన్ చేసి ప్రార్థన చేయించుకున్నవాళ్ళున్నారు. మీరంతా దయచేసి ఇది కూడా చదవండి, ఎందుకంటే అందులో నేను చెప్పిన ప్రతి మాటా జరిగిందే గానీ జరిగినదంతా నేను చెప్పలేదు, ఆ చెప్పకపోవడం వల్ల ఒక సహోదరి చేతులు చెడిపోయాయి. అది ఒప్పుకోవడానికే ఈసారి రాస్తున్నాను.

మాది నల్లగొండ వైపు పల్లె. పెళ్ళయిన కొత్తలోనే పట్నం వచ్చాం. నా భర్త యాదగిరి ఎల్‌బీ నగర్‌లో ట్రాలీ ఆటో నడుపుతాడు. నేను దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక చీరల దుకాణంలో సేల్స్ పని చేస్తాను. చీరలు అమ్మే ఆడదానికి నోరెంత ముఖ్యమో చేతులు అంతకంటే ముఖ్యం. చీర విప్పి పరవాలి, అంచు మీద వేలు పెట్టి చూపాలి, కొనేవాళ్ళు ఇంకా తేల్చుకోలేకపోతుంటే కొంగు మన భుజం మీదే వేసుకుని నిలబడాలి. అలాంటి నా చేతులకు, మోచేతుల దగ్గర మొదలై, ఎర్రటి మచ్చలు వచ్చాయి. వాటి మీద తెల్లటి పొట్టు లేచింది, గోకితే రాలేది, గోకకపోయినా రాలేది, తలలోకి పాకింది, వీపు మీదికి పాకింది, చివరికి అరచేతుల్లోకి వచ్చింది. డాక్టర్లు దాన్ని సోరియాసిస్ అంటారు. ముట్టుకుంటే అంటుకునే జబ్బు కాదు. కానీ చూసేవాళ్ళకు ఆ సంగతి ఎవరు చెప్తారు?

ఒకరోజు పెళ్ళివాళ్ళు వచ్చారు. నల్ల పట్టుచీర, ఎర్ర అంచు, నేను పరిచి చూపిస్తుంటే నా మోచేతి నుంచి పొట్టు రాలి ఆ నల్ల చీర మీద పడింది. నేను అరచేత్తో తుడిచేలోపే పెళ్ళికూతురి మేనత్త చూసింది. చేతిలో పట్టుకున్న కొంగు వదిలేసి రుమాలుతో వేళ్ళు తుడుచుకుంది. "గీ చీర వద్దు గానీ, ఇంకొకామెను పిలువున్రి, ఆమె చూపెడ్తది" అంది. మా సేటు చెడ్డవాడు కాదు. సాయంత్రం పిలిచి, కొన్నాళ్ళు పైఅంతస్తులో కూర్చుని చీరలు మడతపెట్టమన్నాడు. నేను సరేనని తల ఊపి, మెట్లెక్కి, ఎవరూ లేని ఆ గదిలో చీరల బేళ్ళ మధ్య కూర్చుని చాలాసేపు ఏడ్చాను.

వాడని మందు లేదు సహోదరులారా. మెడికల్ షాపులో అడిగితే ఒక ట్యూబు ఇచ్చాడు, డాక్టరు చీటీ అక్కర్లేదన్నాడు. రాస్తే మూడు రోజుల్లో నున్నగా అయింది, మానేస్తే వారంలో రెట్టింపు వచ్చింది, మళ్ళీ రాశాను, మళ్ళీ వచ్చింది, రాసిరాసి మోచేతి దగ్గర చర్మం ఉల్లిపొరలా పలచబడి కింద నరాలు కనపడేవి. కాకరకాయ రసం తాగాను. వేపాకు నూరి పట్టించుకున్నాను. ఒకసారి పెద్ద దవాఖానకు కూడా పోయాను. అక్కడి డాక్టరు చూసి, ఇది పూర్తిగా పోయే జబ్బు కాదమ్మా, అదుపులో పెట్టుకోవాలి, పరీక్షలు చేసి మందు మొదలుపెడదాం, వచ్చే వారం రండి అన్నాడు. పూర్తిగా పోదు అన్న ఆ ఒక్క మాటకు నాకు కోపం వచ్చి మళ్ళీ ఆ గడప తొక్కలేదు. నిజం చెప్పిన మనిషి మీద అలిగాను. నా కథంతా ఆ అలకలోనే మొదలైందని ఇప్పుడు అనుకుంటాను.

ఆ రోజుల్లోనే, పైఅంతస్తులో నాతో కూర్చుని చీరలకు ఫాల్స్ కుట్టే ఒక సహోదరి నన్ను మన సంఘానికి పిలుచుకొచ్చింది. మొదటిసారి ఆ మెట్లెక్కి హాల్లోకి వచ్చినప్పుడు చేతులు కొంగులో దాచుకుని చివర కూర్చున్నాను. ప్రార్థన అయ్యాక అమ్మగారు, అంటే మన పాస్టరుగారి భార్య, వచ్చి నా చేతులు కొంగులోంచి బయటికి తీసి తన రెండు చేతుల్లో పెట్టుకుంది. రుమాలు వెతుక్కోలేదు. నేను విశ్వాసిని అయింది ఏ ప్రసంగం విని కాదు, ఆ చేతులు వెనక్కి పోకపోవడం చూసి. ఇది మాత్రం ఆ రోజూ నిజమే, ఈ రోజూ నిజమే.

సరిగ్గా అదే వారం యాదగిరి పెద్ద అంబర్‌పేట్ వైపు లోడు వేసుకుని పోయి, అక్కడ రోడ్డు పక్కన చర్మానికి మందిచ్చే ఒకాయన ఉన్నాడని ఎవరో చెబితే, వరుసలో నిలబడి పొట్లాలు తెచ్చాడు. కాగితంలో మడిచిన బూడిదరంగు పొడి, పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి, తేనెలో కలిపి తినాలి. ఆకులూ వేర్లూ తప్ప ఏమీ లేదని ఆయన చెప్పాడట. నేను ప్రార్థన చేయించుకుంటున్నాను, నాకిది వద్దు అన్నాను. "నీ ప్రార్థన నువ్వు చేస్కో, నేనేమన్న అడ్డమొచ్చిన్నా? గీ పొట్లం గూడ మింగు. రెండూ కడుపులకే పోతయి" అన్నాడు యాదగిరి. ఆయన మాటలు అలాగే ఉంటాయి, పట్టించుకోకండి. ఆ రాత్రి నుంచే తినడం మొదలుపెట్టాను.

మూడు వారాలు తిరక్కుండా నా ఒళ్ళు అద్దంలా అయింది. పొద్దున లేచి పక్క దులిపితే పొట్టు లేదు. మోచేతులు తడుముకుంటే నున్నగా ఉన్నాయి. సేటు నన్ను మళ్ళీ కిందికి పిలిచాడు. ఆ ఆనందం ఎలా చెప్పను, దిల్‌సుఖ్‌నగర్ రోడ్డు మీద పొట్టి చేతుల జాకెట్టు వేసుకుని నడిచాను, అంతే, అదే నాకు పండుగ.

ఆ ఆదివారం మన పాస్టరు అయ్యగారు, సాక్ష్యం చెప్పేవాళ్ళుంటే ముందుకు రండి అన్నారు. నేను లేచాను. మైకు పట్టుకున్నాను. నల్ల చీర మీద రాలిన పొట్టు గురించి చెప్పాను, రుమాలుతో తుడుచుకున్న మేనత్త గురించి చెప్పాను, ఆడవాళ్ళందరూ కళ్ళు ఒత్తుకున్నారు. పొట్లాల దగ్గరికి వచ్చేసరికి నా నోరు ఆగింది. సహోదరులారా, నేను మోసం చెయ్యాలని ఆపలేదు. పొట్లాల సంగతి చెబితే, ఓ అదా, మందు వల్లనా అంటారు, దేవునికి రావలసిన మహిమలో సగం ఆ పొట్లాల ఆయనకు పోతుంది అనుకున్నాను. చీరలో ఎక్కడైనా దారం లేచి ఉంటే ఆ చోటు మడతలోపలికి పోయేటట్టు పట్టుకుని చూపించడం మాకు అలవాటు. అబద్ధం ఆడం, ఆ మడత విప్పం, అంతే. నేను నా సాక్ష్యాన్ని కూడా అలాగే పట్టుకుని చూపించాను. ప్రార్థన చేయించుకున్నాను, మూడు వారాల్లో నా చర్మం బాగైంది, దేవునికే మహిమ అన్నాను. హాలంతా ఆమెన్ అంది.

ఆ రోజు యాదగిరి నన్ను తీసుకుపోవడానికి వచ్చి కింద మెట్ల దగ్గర నిలబడి అంతా విన్నాడట. ఆటోలో ఇంటికి పోతూ "గా సాక్ష్యంల నేను లేనే లేనా?" అన్నాడు. పదిహేను రోజులకొకసారి ఎండలో వరుసలో నిలబడి పొట్లాలు తెచ్చిన మనిషి. నీకు దేవుని సంగతులు అర్థం కావులే అన్నాను. ఎంత మాట అన్నానో ఇప్పుడు తలుచుకుంటే సిగ్గుగా ఉంది.

తర్వాత నా సాక్ష్యం పత్రికలో వచ్చింది, వేరే సంఘాలవాళ్ళు పిలిచారు, నేను పోయి చెప్పాను, చెప్పినకొద్దీ బాగా చెప్పడం వచ్చింది. పొట్లాలు మాత్రం ఆపలేదు. అల్మారాలో బట్టల వెనక దాచి, రోజుకు రెండుసార్లు తింటూనే ఉన్నాను. నెలలు గడిచేకొద్దీ నా ముఖం గుండ్రంగా ఉబ్బింది. స్వరూపకు దేవుడు ముఖం నింపాడు, కళ వచ్చింది అని సంఘంలో అంటుంటే నేనూ మురిసిపోయాను. ఆకలి ఎంతంటే అన్నం తిని చెయ్యి కడుక్కునేలోపే మళ్ళీ ఆకలి. పొట్ట మీద ఊదారంగు గీతలు పడ్డాయి. చెయ్యి బల్లకు కొద్దిగా తగిలితే నల్లగా కమిలేది. నిద్ర లేదు, చీటికీ మాటికీ కోపం, మెట్లెక్కితే తొడలు వణికేవి. ఇవన్నీ ఒకదానితో ఒకటి కలిపి చూడాలని నాకు తోచలేదు. తోచనివ్వలేదు అంటే సరిగ్గా ఉంటుంది.

ఇప్పుడు సుగుణక్క గురించి చెప్పాలి. ఆమె అనుమతితోనే పేరు రాస్తున్నాను. మన సంఘం మనిషే, ఆమెది కోస్తా వైపు, చైతన్యపురిలో కోచింగ్ పిల్లలుండే ఒక లేడీస్ హాస్టల్లో వంట చూస్తుంది, యాభై దాటిన మనిషి, ఒంటరిది. ఆమెకూ నా జబ్బే, దానితోపాటు కీళ్ళనొప్పి కూడా. చర్మం కంటే ఆమెకు వేళ్ళ వాపులే ప్రమాదమని దవాఖానలో వారానికొకసారి వేసుకునే మందు ఇచ్చారు, దానితో చాలాకాలంగా బాగానే ఉంది. నా సాక్ష్యం విన్న రోజు ఆమె వచ్చి నన్ను గట్టిగా కౌగిలించుకుంది. "అమ్మా స్వరూపా, ఇన్నేళ్ళు నాకు విశ్వాసం చాలక మాత్రలు మింగుతున్నానమ్మా. ఇవాళ్టితో మానేస్తాను" అంది. అప్పుడు నేను ఒక్క మాట అనవలసింది. అక్కా, నేను కూడా మందు తింటున్నాను అనవలసింది. నేను ఆమె వీపు నిమిరి, దేవుడు గొప్పవాడక్కా అన్నాను.

కొన్ని నెలలకు సుగుణక్క వేళ్ళు లావెక్కాయి. ప్రార్థనలో చేతులెత్తినప్పుడు చూశాను, కుడిచేతి రెండు వేళ్ళు తిన్నగా లేవు. చపాతీపిండి కలపలేకపోతున్నానని, పెనం పట్టుకోలేకపోతున్నానని, హాస్టలువాళ్ళు వేరే మనిషిని వెతుకుతున్నారని చెప్పింది. చెప్పి, తన విశ్వాసంలోనే ఏదో లోపముందని, నాలాగా నమ్మలేకపోతున్నానని నా దగ్గరే ఏడ్చింది. ఆ మాట నా గుండెలో దిగింది. నిజం చెప్పాలంటే ఇన్ని సంఘాల ముందు తల దించుకోవాలి, చెప్పకపోతే ఆమె చేతులు పోతాయి. అప్పుడు నాకొక తెలివితక్కువ ఆలోచన వచ్చింది, అది అప్పుడు మహా విశ్వాసంలా కనిపించింది. నేను పొట్లాలు మానేస్తాను, మానేశాక కూడా నా చర్మం బాగుంటే నా సాక్ష్యం నిజమైపోతుంది, నాది నిజమైతే సుగుణక్కదీ నిజమవుతుంది అనుకున్నాను. ఉపవాసముండి ప్రార్థన చేశాను. "ప్రభువా, నేను ముందే చెప్పేశాను, నువ్వు ఇప్పుడైనా చెయ్యి" అన్నాను. దేవుణ్ణి నా మాటకు కట్టుబడమని అడిగాను చూడండి.

మిగిలిన పొట్లాలన్నీ నీళ్ళలో పోసేశాను. నాలుగో రోజుకు వాంతులు, నిలబడితే కళ్ళు తిరగడం. వారానికి ఒంటినిండా, తల నుంచి పాదాల దాకా, ఎర్రగా అయింది, మచ్చలు మచ్చలుగా కాదు, మొత్తం ఒకే మంట. మే నెల ఎండలో దుప్పటి కప్పుకుని వణికాను. పొట్టు పక్కంతా పరుచుకుంది. యాదగిరి నన్ను ట్రాలీ ఆటోలోనే, వెనక పరుపు వేసి పడుకోబెట్టి, మధ్యాహ్నం వేళ దవాఖానకు తీసుకుపోయాడు.

అక్కడ ఒక డాక్టరమ్మ, వయసులో చిన్నదే, నా ముఖం చూసి, పొట్ట మీద గీతలు చూసి, చేతుల మీద కమిలిన మచ్చలు చూసి, ఏ మందులు వాడారు అని అడిగింది. ఆ పరిస్థితిలో కూడా నేను ఏమన్నానో తెలుసా? ఏ మందూ వాడలేదు, దేవుడే తగ్గించాడు అన్నాను. ఆమెకు కోపం రాలేదు. మంచం పక్కన స్టూలు లాక్కుని కూర్చుంది.

"దేవుడు తగ్గిస్తే ముఖం ఇట్ల ఉబ్బదమ్మా. ఈ గీతలు స్టెరాయిడ్ వల్ల వచ్చేవి. ఎన్ని నెలలు తిన్నారో చెప్పకపోతే ఇప్పుడు ఆ మందు ఎంత ఇయ్యాల్నో నాకు తెలీదు. తక్కువ ఇస్తే మీ ప్రాణానికే ప్రమాదం. ఆలోచించుకోండి, మళ్ళా వస్తా" అని లేచి పక్కమంచం దగ్గరికి వెళ్ళింది.

ఆమె పక్కమంచం చూసి వచ్చే ఆ పది నిమిషాలే నా జీవితంలో మార్పు సహోదరులారా. హాల్లో కాదు, మైకు ముందు కాదు. కళ్ళు మూసుకున్నాను. "ప్రభువా, నీ మహిమ తగ్గుతుందని నేను దాచాను. నీ మహిమకు నా కాపలా కావాలా తండ్రీ? నేను కాపాడింది నీ పేరు కాదు, నా పేరు. నేను ఇక్కడ చచ్చిపోతే సుగుణక్కకు నిజం చెప్పేవాళ్ళుండరు. నన్ను చెప్పనియ్యి" అన్నాను. అంతకుముందు ఎన్నో ప్రార్థనలు చేశాను, కానీ ఆయన విన్నాడని అప్పటికప్పుడు తెలిసింది ఆ ఒక్కసారే, ఎందుకంటే నాకు భయం పోయింది. డాక్టరమ్మ తిరిగి రాగానే పొట్లాల సంగతంతా చెప్పేశాను. ఎన్ని నెలలు, రోజుకు ఎన్ని, ఎప్పుడు మానేశాను, అన్నీ.

ఆమె చెప్పింది మీకు కూడా చెప్తాను, మీ ఇళ్ళల్లో ఎవరికైనా పనికొస్తుంది. అలాంటి పొడుల్లో కొందరు స్టెరాయిడ్ కలుపుతారట. అది తింటే చర్మం ఎర్రదనం వెంటనే అణిగిపోతుంది, అందుకే అద్భుతంలా కనిపిస్తుంది. మన ఒంట్లో సహజంగా పుట్టే అలాంటి పదార్థం, బయటి నుంచి వచ్చేసరికి పుట్టడం మానుకుంటుంది. అప్పుడు ఒక్కసారిగా ఆపితే లోపలా ఉండదు, బయటా ఉండదు, ఒళ్ళు కుప్పకూలుతుంది, అణిగిన జబ్బు ఒక్కసారిగా పైకి లేస్తుంది. స్టెరాయిడ్ చెడ్డదని కాదు, డాక్టరు చేతిలో అది ప్రాణం పోసే మందే, నాకూ దాన్నే ఇచ్చి కొద్దికొద్దిగా నెలల తరబడి తగ్గించారు. చెడ్డదల్లా తెలియకుండా తినడం, చెప్పకుండా ఆపడం. రక్తపరీక్షలు, కాలేయం పరీక్ష చేశాక సుగుణక్క వాడిన వారం మందే, మెథోట్రెక్సేట్, నాకూ మొదలుపెట్టారు. నా సాక్ష్యం విని ఆమె మానేసిన మందు అదే.

అయ్యగారూ అమ్మగారూ నన్ను చూడటానికి బ్రెడ్డు, పండ్లు తీసుకుని వార్డుకు వచ్చారు. ప్రార్థన మొదలుపెట్టబోతుంటే ఆపి అంతా చెప్పాను. అయ్యగారి ముఖం వాడిపోయింది. "జర ఆగమ్మ స్వరూప. పత్రికల వేసినం. వేరే సంఘాలల్ల గూడ చెప్పినవ్. గిప్పుడు గిది బయటపెడ్తే బయటోళ్ళు ఏమంటరు?" అన్నారు. ఆయన్ను తప్పుపట్టను, నేను నెలల తరబడి అనుకున్న మాటే అది. అమ్మగారు బ్రెడ్డు ముక్కలు ప్లేటులో పెడుతూ, తల ఎత్తకుండానే, "బయటోళ్ళ సంగతి తర్వాత. సుగుణమ్మ చేతులు చూసిన్రా మీరు? అయినా మీరు పొద్దుగాల వేసుకునే షుగర్ గోళీ సంగతి సంఘంల మందికి ఎన్నడన్న చెప్పిన్రా?" అంది.  అయ్యగారు చిన్నగా నవ్వారు, నవ్వి కళ్ళు తుడుచుకున్నారు. "వచ్చే ఆదివారం నడవగల్గితే రా. నేను నీ పక్కకు నిలబడ్త" అన్నారు.

నడవగలిగాను. ఒళ్ళంతా నూనె పూసుకుని, పొడుగు చేతుల జాకెట్టు వేసుకుని మైకు పట్టుకున్నాను. ఈసారి మడత విప్పాను. పొట్లాలు ఎక్కడి నుంచి వచ్చాయో, ఎవరు తెచ్చారో, ఎక్కడ దాచానో చెప్పాను. నా భర్త పేరు చెప్పాను, ఆయన ఆ రోజు మొదటిసారి మెట్లెక్కి వచ్చి చివర కుర్చీలో కూర్చున్నాడు. నా మాట విని మందు మానేసినవాళ్ళెవరైనా ఉంటే, నన్ను క్షమించి రేపే డాక్టరు దగ్గరికి పోండి అన్నాను. ఒక్క ఆమెన్ కూడా రాలేదు. ఒక పెద్దాయన లేచి, ఇది విశ్వాసాన్ని తక్కువ చేసేటట్టుంది అన్నారు. అయ్యగారు నా పక్కకు వచ్చి, తనకు షుగరు ఉందని, రోజూ గోళీ వేసుకుంటున్నానని, అది సిగ్గుపడే సంగతి అనుకోవడం తన తప్పని చెప్పారు. ఆయన మాట పూర్తికాకముందే రెండో వరుసలోంచి సుగుణక్క లేచి, నా వైపు చూడకుండా, బయటికి వెళ్ళిపోయింది.

ఇంటికి పోయేటప్పుడు యాదగిరి, "అందరికీ చెప్పినవ్. ఆమెకు ఒక్కదానికి చెప్పుడు మిగిలింది. పొద్దుగాల పోదాం" అన్నాడు. మరుసటి రోజు పొద్దున నన్ను చైతన్యపురి హాస్టలు దగ్గర దింపాడు. వంటగదిలో సుగుణక్క స్టూలు మీద కూర్చుని, ఇద్దరు ఆడవాళ్ళతో ఉప్మా చేయిస్తోంది. వాచిన చేతులు ఒళ్ళో పెట్టుకుని ఉంది. నన్ను చూసి పలకరించలేదు. నేను ఆమె ముందు కింద కూర్చున్నాను. అక్కా, నన్ను క్షమించు అన్నాను.

"నీకు తగ్గినట్టు నాకెందుకు తగ్గట్లేదని ఎంత ఏడ్చానో తెలుసా? దేవుడికి నేనంటే ఇష్టం లేదనుకున్నానే. నెలల తరబడి అదే అనుకున్నాను" అంది.   ఆమె ఉప్మా గిన్నె వైపు చూసింది. "కోపం పోలేదు. పోయినప్పుడు చెప్తాను. ఇప్పుడు లే, ఓపీ టైము అయిపోతుంది, నాకు చెప్పులు తొడుగు" అంది. ఆమె పాదాలకు చెప్పులు తొడిగి, యాదగిరి ఆటోలోనే దవాఖానకు తీసుకుపోయాం. అదే డాక్టరమ్మ చూసింది. మందు మళ్ళీ మొదలుపెడితే నొప్పులు, వాపులు తగ్గుతాయి గానీ, ఆ రెండు వేళ్ళ కీళ్ళు దెబ్బతిన్నాయి, అవి ఇక పూర్తిగా తిన్నగా కావని చెప్పింది. సుగుణక్క విని, సరే అంది. 

ఇప్పుడు ఆమెకు వాపులు తగ్గాయి, పిండి కలుపుతోంది, హాస్టల్లో పని నిలబడింది. వేళ్ళు రెండూ వంగే ఉన్నాయి. నా చర్మం చాలావరకు బాగుంది, మోచేతుల దగ్గరా వీపు మీదా కొన్ని మచ్చలున్నాయి, ఉంటాయి. కిందికి వచ్చి చీరలు చూపిస్తున్నాను, ఎవరైనా అడిగితే ఇది సోరియాసిస్, అంటుకోదు అని చెప్తాను. ముఖం ఉబ్బు దిగింది, కళ తగ్గిందని కొందరు బాధపడ్డారు కూడా. వారం మందు సోమవారం సాయంత్రం వేసుకుంటాను, మంగళవారం నోరంతా వికారంగా ఉంటుంది, మా దుకాణానికి ఆ రోజే సెలవు కాబట్టి పడుకుంటాను. మధ్యలో ఒకరోజు ఫోలిక్ యాసిడ్ గోళీ, కొన్ని వారాలకోసారి రక్తపరీక్ష. సుగుణక్కదీ సోమవారమే. కోపంగా ఉన్న ఆ నెలలన్నీ కూడా ఆమె ప్రతి సోమవారం ఫోన్ చేసేది. "వేసుకున్నావా? వారానికి ఒక్కసారేగా? రోజూ వేసుకుంటే చస్తావు, జాగ్రత్త" అనేది, అని పెట్టేసేది. అంతకు మించి ఒక్క మాట ఉండేది కాదు.

మొన్న సోమవారం ఫోన్ చేసింది. వేసుకున్నావా అంది. వేసుకున్నానక్కా అన్నాను. పెట్టేస్తుందనుకున్నాను. పెట్టలేదు. "నేనింకా వేసుకోలేదు. ప్రార్థన చెయ్యి, వేసుకుంటాను. నీ నోటితోనే చెయ్యి" అంది.

 కళ్ళు మూసుకుని అన్నాను: "ప్రభువా, ఈ మందు నువ్వు ఇచ్చిందే, దీన్ని కనిపెట్టినవాళ్ళ తెలివీ నువ్వు ఇచ్చిందే, వరుసలో నిలబడి తెచ్చే చేతులూ నీవే. మా జబ్బు నువ్వు తీసేస్తే నీకు స్తోత్రం, తీయకపోయినా నీకు స్తోత్రం. అక్క రెండు వేళ్ళూ నా వల్ల వంగాయి, ఆ సంగతి నీకూ తెలుసు, ఆమెకూ తెలుసు. అయినా నా చేత ప్రార్థన చేయించుకుంటోంది. ఆమెను కాపాడు." అవతల నీళ్ళు మింగిన చప్పుడు వినిపించింది. తర్వాత ఆమెన్ అంది.

ఆ ఒక్క ఆమెన్ కోసమే నేను ఇన్ని నెలలు బతికినట్టనిపించింది. సహోదరీ సహోదరులారా, ప్రభువును నమ్మండి, నన్ను చూసి కాదు, ఆయన్ను చూసి నమ్మండి. మీ అల్మారాల్లో బట్టల వెనక దాచిన గోళీలు ఏవైనా ఉంటే బయటికి తీసి, వాటి పేరు మీ డాక్టరుకు చెప్పండి, మీ సంఘానికి చెప్పండి, వాటిని చేతిలో పెట్టుకునే ప్రభువుకు మొక్కుకోండి, ఆయన చిన్నబుచ్చుకోడు. డాక్టరును అడక్కుండా మాత్రం ఏదీ మానకండి. నా మొదటి సాక్ష్యం విని మందులు మానేసినవాళ్ళు మీలో ఇంకెవరైనా ఉంటే నాకు కబురు పెట్టండి. యాదగిరి ఆటో ఉంది, నేనే వచ్చి మిమ్మల్ని దవాఖానకు తీసుకుపోతాను. దేవునికే మహిమ.